పందుల రైతు లెక్కల పుస్తకం: 2026లో అమ్మేయమంటున్న ఆ బొమ్మ వెనక కథ

ఈ ఎపిసోడ్ ఒక బొమ్మ గురించి. మీలో చాలామంది వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో చూసే ఉంటారు. పాత కాగితం రంగులో ఉంటుంది, మీద రంపం పళ్ళలా పైకీ కిందకీ గీతలు. మూడు వరుసల్లో సంవత్సరాలు రాసి ఉంటాయి. ఏ వరుసలో ఉన్నవి మార్కెట్లు కుప్పకూలే సంవత్సరాలట. బీ వరుసలోవి మంచి రోజులు, రేట్లు బాగుండే సంవత్సరాలు, అప్పుడు అమ్ముకోవాలట. సీ వరుసలోవి గడ్డు రోజులు, అప్పుడు కొనిపెట్టుకోవాలట. ఆ బీ వరుసలో 2026 ఉంది. అందుకే మళ్ళీ జోరుగా తిరుగుతోంది. "150 ఏళ్ళ కిందటే చెప్పేశాడు" అని పైన ఎర్ర అక్షరాలు కూడా తగిలిస్తున్నారు.

ఎవరు చెప్పారు? ఏం చూసి చెప్పారు? ఈ రెండు ప్రశ్నలకీ ఆ ఫార్వర్డ్‌లో జవాబు దొరకదు. కొన్నింటి మీద 1872లో జార్జ్ ట్రిచ్ అనే ఆయన గీశాడని ఉంటుంది. కానీ అందులోని లెక్క మాత్రం ఇంకొకాయనది. ఆయన పేరు శామ్యూల్ బెన్నర్. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పందులు పెంచుకున్న రైతు. షేర్ మార్కెట్‌తో ఆయనకి పనే లేదు. అయినా మార్కెట్లో చక్రాలు వెతికేవాళ్ళంతా మొదట తలుచుకునే పేర్లలో ఆయనదీ ఒకటి. మాది నూజివీడు, మామిడి తోటల ఊరు. రేటు కోసం ఎదురుచూసే రైతుల మధ్యే పెరిగాను. అందుకేనేమో, ఈయన కథ చదివినప్పుడు నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించాడు.

సరే, కథలోకి వెళ్దాం. 1873 సెప్టెంబర్. అమెరికాలో అప్పటికి రైల్వేల పిచ్చి నడుస్తోంది. ఎక్కడ చూసినా పట్టాలు, ఎవర్ని చూసినా రైల్వే బాండ్లు. ఆ బాండ్లు అమ్మిన పెద్ద బ్యాంకు, జే కుక్ కంపెనీ, సెప్టెంబర్ 18న తలుపులు మూసేసింది. న్యూయార్క్ షేర్ మార్కెట్‌ని పది రోజులు మూసిపెట్టాల్సి వచ్చింది. బ్యాంకులు వరసగా కూలాయి, అప్పు పుట్టడం ఆగిపోయింది. దీన్నే 1873 పానిక్ అంటారు. అది చాలదన్నట్టు బెన్నర్ పందుల మందకి హాగ్ కలరా తగులుకుంది. ఇప్పుడు మనం స్వైన్ ఫీవర్ అంటున్నామే, అదే. బెన్నర్ ఆస్తి ఊడ్చుకుపోయింది.

అంతా పోయిన మనిషి ఏం చేస్తాడు? చాలామంది తలరాత అనుకుంటారు. బెన్నర్ పాత రేట్లు పోగేయడం మొదలుపెట్టాడు. పందుల రేటు ఏ సంవత్సరం ఎంత, మొక్కజొన్న ఎంత, ఇనుము ఎంత, ఇలా వెనక్కి వెనక్కి వెళ్ళి పట్టికలు రాసుకున్నాడు. కంప్యూటర్ లేదు, గ్రాఫ్ గీసే యాప్ లేదు. రాబోయే ధరల ఎగుడుదిగుళ్ళ మీద జోస్యాలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం తయారైంది. 1875 నాటి రచన అది, సిన్సినాటిలో అచ్చయింది. ఆ ఊరు అప్పట్లో పంది మాంసం వ్యాపారానికి ఎంత పేరున్నదంటే, పోర్కోపోలిస్ అని ముద్దుపేరు కూడా ఉండేది. పుస్తకం ఆ తర్వాత చాలాసార్లు మళ్ళీ అచ్చయింది.

అందులో ఏముంది? ముఖ్యంగా మూడు విషయాలు.

మొదటిది, పందులు, మొక్కజొన్న. రేటు శిఖరానికి చేరి, పడి, మళ్ళీ శిఖరానికి రావడానికి ఒకసారి 5 ఏళ్ళు, ఇంకోసారి 6 ఏళ్ళు పడుతోందన్నాడు. రెండూ కలిపితే 11.

రెండోది, దుక్క ఇనుము. ఇంగ్లీషులో పిగ్ ఐరన్ అంటారు గానీ దీనికీ పందులకీ సంబంధం లేదు. కొలిమిలోంచి వచ్చిన ఇనుమును దిమ్మలుగా పోస్తారు, అదే ఇది. దీని రేటు శిఖరాల మధ్య దూరం 8, 9, 10 ఏళ్ళు, మళ్ళీ 8, 9, 10. అడుగుల మధ్య దూరం 9, 7, 11 ఏళ్ళు, మళ్ళీ 9, 7, 11. ఇక్కడొక్క నిమిషం ఆగండి. ఆ బొమ్మలో బీ వరుస చూడండి: 1989, 1999, 2007, 2016, 2026. తేడాలు 10, 8, 9, 10. సీ వరుస చూడండి: 1996, 2005, 2012, 2023. తేడాలు 9, 7, 11. అంటే మన ఫోన్లలో తిరుగుతున్న "కొను, అమ్ము" సంవత్సరాలు 19వ శతాబ్దం అమెరికాలో ఇనప దిమ్మల రేటు నుంచి వచ్చిన లెక్క. దాన్ని చూసి మనం నిఫ్టీ ఆప్షన్లు కొంటున్నాం!

మూడోది, పానిక్‌లు. ఇది చివర్లో చెప్తాను, అసలు కిటుకు అక్కడుంది.

ముందు ఆయన కరెక్ట్‌గా పట్టుకున్నది చూద్దాం. పందుల రేట్లలో చక్రం నిజంగానే ఉంది. బెన్నర్ పుస్తకం వచ్చిన దశాబ్దాలకి, 1920ల చివర్లో, ఆర్థర్ హనావ్ అనే జర్మన్ ఆర్థికవేత్త అక్కడి పందుల రేట్లు చదివి అలాంటి చక్రాన్నే చూపించాడు. అది ఎందుకు తిరుగుతుందో కూడా తేలింది. పందుల రేటు బాగుంది అనుకోండి. రైతులందరూ ఒకేసారి ఆడ పందుల్ని అమ్మకుండా ఈతకి ఉంచుకుంటారు. దాంతో మార్కెట్‌కి వచ్చేవి ఇంకా తగ్గుతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. పిల్లలు పుట్టడానికి నాలుగు నెలలు, అవి బలిసి అమ్మకానికి రావడానికి ఇంకొన్ని నెలలు. అవన్నీ ఒక్కసారే సంతకొస్తాయి. రేటు ఢమాల్. రైతులు విసుగెత్తి మందలు తగ్గించేస్తారు. కొన్నాళ్ళకి పందులు కరువు, మళ్ళీ రేటు పైకి. 1934లో నికొలస్ కాల్డర్ అనే ఆర్థికవేత్త దీనికి సాలెగూడు అని పేరు పెట్టాడు. గ్రాఫ్ గీస్తే గూడులాగే తిరుగుతుంది మరి.

ఇది మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద దాటి పరిగెత్తింది. టీవీలన్నీ కోటీశ్వరులైన టమాటా రైతుల కథలు చూపించాయి. అది చూసి ఎంతమంది నారు పోశారో. సెప్టెంబర్‌కల్లా కిలో పది రూపాయల లోపుకి వచ్చేసింది. టమాటా నాటిన రెండు నెలలకే కాపుకొస్తుంది కాబట్టి చక్రం నెలల్లో తిరిగింది. మామిడి అలా కాదు. అంటు నాటితే కాసిన్ని కాయలు చూడ్డానికే నాలుగైదేళ్ళు. రేటు బాగుందని ఇవాళ తోట వేస్తే, ఆ కాయ మార్కెట్‌కి వెళ్ళేసరికి పిల్లాడు స్కూల్లో చేరుతాడు. ఈలోపు పక్కూరివాళ్ళూ అదే పని చేసి ఉంటారు. రేటు లేక మా చుట్టుపక్కల కొందరు మామిడి చెట్లు కొట్టేసి ఆయిల్‌పామ్ వేశారు. ఆ నిర్ణయం ఫలితం కూడా కొన్నేళ్ళ తర్వాతే కనపడుతుంది. 2025లో చిత్తూరు జిల్లాలో తోతాపురికి ఏం జరిగిందో చూశారుగా. కాయ విపరీతంగా దిగింది, కొనేవాళ్ళు లేరు. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలని చెప్పి, ప్రభుత్వం ఇంకో 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. మా దగ్గర కలెక్టర్ కాయ అంటాం, అదే తోతాపురి.

మామిడిలో ఇంకో చక్రం కూడా ఉంది, చెట్టులోనే. ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు చెట్టు పడుకుంటుంది. బంగినపల్లిలో ఇది బాగా కనపడుతుంది. కాయ మోసిన కొమ్మ అలసిపోతుంది, కొత్త చిగురు సరిగ్గా వెయ్యదు. చిగురు ముదరకపోతే పూత రాదు. ఇదీ కారణం. కారణం తెలుసు కాబట్టే కత్తిరింపులు చేసి, మందు పోసి, ఆ చక్రాన్ని కొంతవరకు సరిచేయగలుగుతున్నారు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. చక్రం నిజమే అయినా, అది తెలిసినంత మాత్రాన డబ్బు రాదు. మా వైపు చాలామంది తోటని పూత మీదే గుత్తకి ఇచ్చేస్తారు. డిసెంబర్, జనవరిలో పూత చూసి వ్యాపారి ఒక రేటు చెప్తాడు. కాయ దిగేది ఏప్రిల్, మే నెలల్లో. అంటే షేర్ మార్కెట్లో ఫ్యూచర్స్ అంటున్నారే, మన తాతల కాలం నుంచి తోట గట్టు మీద జరుగుతున్నది దాదాపు అదే. మరి ఆ గుత్తేదారుకి ఇది కాపు లేని ఏడని తెలియదా? తెలుసు. తెలిసే రేటు తగ్గించి చెప్తాడు. అందరికీ తెలిసిన చక్రం రేటులోకి ముందే వచ్చేస్తుంది. తోట గట్టు మీదే అలా ఉంటే, సెకనులో వందల ఆర్డర్లు పెట్టే కంప్యూటర్లున్న మార్కెట్లో ఎలా ఉంటుందో ఆలోచించండి.

మళ్ళీ బెన్నర్ దగ్గరికి వద్దాం. ఆయనకి పందుల చక్రం దొరికింది గానీ దాని వెనక ఉన్న కారణం దొరకలేదు. దొరక్క ఎటు చూశాడో తెలుసా? ఆకాశం వైపు. గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరగడానికి 12 ఏళ్ళకి కాస్త తక్కువ పడుతుంది. పంటలూ రేట్లూ దాని ప్రభావమేమో అనుకున్నాడు.

నవ్వకండి. మన 60 సంవత్సరాల చక్రం, ప్రభవ నుంచి అక్షయ దాకా, గురుడు అయిదు చుట్లు తిరిగే కాలమే. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో అర్ఘాధిపతి ఎవరో చెప్తారు కదా. అర్ఘం అంటే ధర. ఈ ఏడాది ధరలకి ఏ గ్రహం అధిపతో చెప్పడమన్నమాట. రేటు ముందే తెలిస్తే బాగుండనే ఆశ ఒహాయోలోనూ ఒకటే, ఇక్కడా ఒకటే.

అదే కాలంలో ఇంగ్లండ్‌లో పెద్ద ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ కూడా ఇదే దారి పట్టాడు. సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి. ఎండ మారితే ఇండియాలో పంటలు మారతాయి, మన రైతు చేతిలో డబ్బు లేకపోతే ఇంగ్లండ్ బట్టలు కొనేవాడుండడు, అక్కడ వ్యాపారం కూలుతుంది. ఇదీ ఆయన గొలుసు. మొదట సూర్యచక్రం 11.1 ఏళ్ళు అనుకుని లెక్క వేశాడు. తర్వాత ఎవరో దాన్ని 10.45 అన్నారు. 1878లో చూస్తే జెవన్స్ లెక్కలో వ్యాపార సంక్షోభాల మధ్య సగటు దూరం కూడా దాదాపు అంతే తేలింది! నిజాయితీపరుడే, గొప్ప మేధావే. కానీ కావలసిన అంకె ముందే మనసులో ఉంటే లెక్క దానివైపే జారిపోతుంది.

ఈ సూర్యుడి మచ్చల వ్యవహారం మన నేలమీద కూడా నడిచింది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరమైన కరువు మొదలైంది. అది ధాత నామ సంవత్సరం, రాయలసీమలో ధాత కరువు అంటారు. 1878 దాకా సాగింది, దేశంలో 50 లక్షలకు పైగా జనం చనిపోయారు. ఆ మధ్యలో, 1877లో, విలియం విల్సన్ హంటర్ అనే బ్రిటిష్ అధికారి ఒక చిన్న పుస్తకం వేశాడు. పేరు, దక్షిణ భారతంలో అనావృష్టి, కరువుల చక్రం. మద్రాసు వానల లెక్కలు తీసి, సూర్యుడి మచ్చలు తగ్గిన కాలంలో వానలు తగ్గుతున్నాయని చూపించబోయాడు. అదే సమయంలో మన దేశం నుంచి ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. కరువు పనులకొచ్చినవాళ్ళకి ఇచ్చే కూలి బియ్యం రోజుకి ఒక పౌను దాకా తగ్గించారు, అంటే అరకిలో కన్నా తక్కువ. కారణాన్ని సూర్యుడి మీదకి తోసేస్తే కింద ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. చక్రం అనే మాటతో ఉన్న ఈ ప్రమాదం చాలామంది గమనించరు.

ఇంకో ఉదాహరణ. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన కరువుకి నందన కరువు అని పేరు. అయిదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనాలు. మన చక్రం ప్రకారం నందన మళ్ళీ 1892లో వచ్చింది, 1952లో వచ్చింది, 2012లోనూ వచ్చింది. డెల్టాలో అలాంటి కరువు మాత్రం తిరిగి రాలేదు. ఎందుకంటే మధ్యలో ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట వచ్చింది, 1855కల్లా బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట వచ్చింది. సంవత్సరం పేరు తిరిగొచ్చింది, దాని కింద ఉన్న కారణం మారిపోయింది.

ఇప్పుడు షేర్ మార్కెట్‌లోకి నేరుగా వద్దాం. బెన్నర్ పుస్తకం తర్వాత సుమారు వందేళ్ళకి, 1970లో, జె.ఎం. హర్స్ట్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక పుస్తకం రాశాడు. షేర్ల లావాదేవీల్లో సమయం పట్టుకోవడం గురించి. ఏరోస్పేస్ రంగంలో పనిచేసిన మనిషి. ట్రేడింగ్‌లో చక్రాల విశ్లేషణకి ఇవాళ ఉన్న పద్ధతి చాలావరకు ఈయన పెట్టిన భిక్షే. సిగ్నల్‌ని తరంగాలుగా విడదీసే గణితం ఒకటుంది, ఫూరియే అనాలిసిస్ అంటారు. మీలో బీటెక్ చదివేవాళ్ళకి సెకండియర్‌లో కనపడి భయపెట్టేది అదే. హర్స్ట్ దాన్ని తీసుకెళ్ళి డౌ జోన్స్ సూచీ మీద, 1921 నుంచి 1965 దాకా ఉన్న రేట్ల మీద ప్రయోగించాడు. అదీ అప్పటి కంప్యూటర్ల మీద.

ఆయన చెప్పిందేంటంటే, రేటు అనేది చాలా అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే వచ్చే మొత్తం. 18 నెలల అల ఒకటి, 40 వారాలది ఒకటి, 20 వారాలది ఇంకొకటి, ఇలా చిన్నవాటి దాకా. పెద్ద అల అడుగుకి వచ్చినప్పుడు చిన్నవి కూడా ఇంచుమించు అక్కడే అడుగుకి వస్తాయి. అందుకే పడిపోయిన చోటు నుంచి లేవడం ఒక్కసారిగా ఉంటుంది అన్నాడు. మీ యాప్‌లో ధర చుట్టూ గొట్టంలా రెండు గీతలు కనపడతాయే, అలాంటి ఎన్వలప్‌లని చక్రాలు పట్టడానికి శ్రద్ధగా వాడినవాళ్ళలో ఆయన ముఖ్యుడు.

ఆయన్ని నేను గౌరవించేది ఇంకో మాట కోసం. రేట్ల కదలికలో దాదాపు 75 శాతం కంపెనీ బాగోగులూ దేశం బాగోగుల వల్లే వస్తుందని, అలల వాటా 23 శాతమేనని, అదీ సగం సగం ఊహకందేదేనని ఆయనే రాశాడు. పైగా అలల పొడవు సాగుతుంది, కుంచించుకుపోతుంది అని కూడా ఒప్పుకున్నాడు. ఇవాళ ఆయన పేరు చెప్పి కోర్సులు అమ్మేవాళ్ళ థంబ్‌నెయిల్స్‌లో ఈ 75 ఎక్కడా కనపడదు.

సరే, అలలు కంటికి కనపడుతున్నాయి కదా, మరి నిజం కాదా? దీనికి అన్నిటికన్నా గట్టి జవాబు 1927లోనే మాస్కో నుంచి వచ్చింది. యెవ్గెనీ స్లుట్‌స్కీ అనే గణితవేత్త అక్కడి ఆర్థిక పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. ఆయన ప్రభుత్వ లాటరీలో వచ్చిన నంబర్ల చివరి అంకెలు తీసుకున్నాడు. లాటరీ అంటే పూర్తిగా యాదృచ్ఛికం, చక్రం ఉండే ప్రసక్తే లేదు. ఆ అంకెల్ని పదేసి చొప్పున కూడుకుంటూ వెళ్ళాడు. మొదటి పది, తర్వాత ఒకటి వదిలి ఇంకొకటి కలిపి మళ్ళీ పది, అలా. వచ్చిన మొత్తాలతో గ్రాఫ్ గీస్తే అలలు! దాన్ని ఇంగ్లండ్‌లో 1855 నుంచి 1877 దాకా నడిచిన వ్యాపార చక్రాల గ్రాఫ్ పక్కన పెట్టాడు. రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

మీరూ చేయొచ్చు. ఒక రూపాయి బిళ్ళ తీసుకుని వందసార్లు ఎగరేయండి. బొమ్మ పడితే 1, బొరుసు పడితే 0. పదేసి చొప్పున స్లుట్‌స్కీలా కూడి గ్రాఫ్ పేపర్ మీద పెట్టండి. కొండలూ లోయలూ వస్తాయి. అది చూపించి ఎవరైనా "ఇదిగో అడుగు, ఇక్కడ కొను" అంటే మీరు నమ్మేసేలా ఉంటుంది. మీ యాప్‌లో మూవింగ్ యావరేజ్ అని ఉందే, అది చేసే పని సరిగ్గా ఇదే. అలలు మార్కెట్లో ఉన్నాయా, మనం కూడిన పద్ధతిలో పుట్టాయా అన్నది కంటితో చూసి చెప్పలేం.

ఇప్పుడు చివరికని దాచిన పానిక్‌ల సంగతి. బొమ్మలో ఏ వరుస. అమెరికాలో 1819లో, 1837లో, 1857లో, 1873లో మార్కెట్లు కూలాయి. బెన్నర్ వీటి మధ్య దూరాలు తీశాడు: 18, 20, 16. మొత్తం 54. ఇదే వరసలో 1891, 1911, 1927, 1945, 1965, 1981, 1999, 2019, 2035 అంటూ ముందుకి రాసుకుంటూ వెళ్ళిపోయారు. గమనించారా? నాలుగు తేదీలు, మూడు తేడాలు. 54 ఏళ్ళ చక్రం ఆయన కళ్ళముందు ఒక్కసారి కూడా రెండోసారి తిరగలేదు. ఒకే ఒక్కసారి జరిగిన దాన్ని చక్రం అనడం ఎలా? మా తోటలో మూడేళ్ళు చూసి ముప్పై ఏళ్ళ కాపు చెప్తే మా ఊళ్ళో పిల్లలు కూడా నవ్వుతారు.

ఇక పరీక్ష పెడదాం. ఆయనకి మార్కులు పడే చోట వేద్దాం. 2005లో కొనమంది, 2007లో అమ్మమంది. సెన్సెక్స్ 2005 మొదట్లో 6,600 దగ్గరుంది, 2008 జనవరిలో 21,000 తాకింది, అదే ఏడాది అక్టోబర్‌లో 8,000 కిందకి పడింది. దండం పెట్టాల్సిందే. 2012లో కొనమంది, బాగుంది. 2016లో అమ్మమంది. అప్పుడు నిఫ్టీ 8,000 చుట్టూ ఉంది. అమ్మేసి 2023 దాకా ఆగి కొనాలి. 2023 మొదట్లో నిఫ్టీ ఎంత? 18,000. ఎనిమిది వేలకి అమ్మి పద్దెనిమిది వేలకి కొనడం! 1992లో హర్షద్ మెహతా కుంభకోణంతో మన మార్కెట్ కూలింది, ఆ బొమ్మలో దాని ఊసే లేదు. అమెరికాలో చూస్తే, 1926లో అమ్మి 1931లో కొనాలి. 1931 మొదట్లో కొన్నవాడి డబ్బు 1932 జూలైకి నాలుగో వంతు మిగిలింది. 1945, 1965 పానిక్‌లు రానే లేదు. 2019కి దగ్గరగా 2020లో పడింది నిజమే, అయితే అది వైరస్ వల్ల.

మా దగ్గర ఒక కుర్రాడున్నాడు. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగం కోసం చూస్తున్నాడు. మొన్న ఈ బొమ్మ పట్టుకొచ్చాడు. "అన్నా, 2026 టాప్ అంట కదా, పుట్స్ కొంటే సెట్ అయిపోతాం" అన్నాడు. డబ్బెక్కడిదిరా అంటే, తోట గుత్తకి నాన్నకొచ్చిన అడ్వాన్స్‌లో కొంత అన్నాడు. నేను వాణ్ణి తిట్టలేదు. "ఒరేయ్, ఒకవేళ మార్కెట్ నిజంగానే పడుతుందనుకో. ఏ నెలలో? నీ ఆప్షన్ గడువు ఎప్పటిదాకా?" అని అడిగాను. ఆ బొమ్మ సంవత్సరం చెప్తుంది, ఆప్షన్ వారంలోనో నెలలోనో చచ్చిపోతుంది. రెండేళ్ళు అటూ ఇటూ అయినా కరెక్టే అనిపించుకునే జోస్యం మీద, గురువారమో మంగళవారమో చచ్చే పందెం ఎలా కాస్తాం? వాడు కాసేపు మాట్లాడలేదు. అడ్వాన్స్ డబ్బు ప్రస్తుతానికి నాన్న దగ్గరే ఉంది.

ఇది వాడొక్కడి సంగతి కాదు. 2024 సెప్టెంబర్‌లో సెబీ ఒక అధ్యయనం బయటపెట్టింది. మూడు ఆర్థిక సంవత్సరాల్లో, 2022 నుంచి 2024 దాకా, ఎఫ్ అండ్ ఓలో ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా సామాన్యుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఒక్కొక్కరికి సగటున 2 లక్షల చొప్పున, మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయల పైనే. వీళ్ళలో 30 ఏళ్ళ లోపువాళ్ళ వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. ఎక్కువమంది పెద్ద నగరాల బయటివాళ్ళు. అంటే మనమే.

కాబట్టి ఎవరైనా మీకు చక్రం చూపిస్తే మూడు విషయాలు అడగండి. ఒకటి, అది ఎందుకు తిరుగుతుంది? పందికి ఈత కాలం ఉంది, మామిడికి అలసిన కొమ్మ ఉంది, దీనికేముంది? రెండు, అది ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగింది? మూడుసార్లలోపైతే పక్కన పెట్టండి. మూడు, అది నిజమే అయితే ఇప్పటికే అందరికీ తెలుసు కదా, రేటులోకి ఇంకా రాకుండా ఎందుకుంటుంది?

బెన్నర్ ఈ మూడింటిలో పందుల దగ్గర బాగానే పాసయ్యాడు, పానిక్‌ల దగ్గర తప్పాడు. అయినా ఆయన్ని తలుచుకోవాల్సిందే. సర్వం పోయాక కూడా, ఎందుకు పోయిందో తెలుసుకోవాలని పాత రేట్లు వెతికి రాసుకున్న రైతు ఆయన. ఆయన గీసిన గీతలు ఫార్వర్డ్ చేయడం తేలిక. ఆయన చేసిన పని చేయడం కష్టం. మీ ఇంట్లో తోటుంటే ఆ పని ఈ సీజన్ నుంచే మొదలుపెట్టండి. పూత ఎప్పుడొచ్చింది, వాన ఎప్పుడు పడింది, కాయ ఎంత దిగింది, నున్న మార్కెట్లో ఆ రోజు రేటెంత, ఒక నోట్‌బుక్‌లో రాయండి. తోట లేనివాళ్ళు మీ ట్రేడ్‌లు రాయండి, లాభాలొక్కటే కాదు, నష్టాలు కూడా. పదేళ్ళ తర్వాత ఆ పుస్తకం మీకు ఆ బొమ్మకన్నా ఎక్కువ చెప్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో 1832 నందన కరువు నుంచి బెజవాడ ఆనకట్ట దాకా జరిగిన కథ మాట్లాడుకుందాం. మీ ఇళ్ళల్లో పాత రేట్లు రాసిన చిట్టా పుస్తకాలేవైనా ఉంటే ఫోటో తీసి పంపండి, చదువుదాం.